ముందు ఛాతీ, తర్వాతే బాటిల్

మా వీధి చివర స్టేషనరీ షాపులో ఊపిరితిత్తులు అమ్ముతారు. థర్మోకోల్ అట్టకి అతికించిన వాటర్ బాటిల్, దాని అడుగు కోసేసి రబ్బరు తొడుగు, లోపల ప్లాస్టిక్ గొట్టానికి కట్టిన రెండు బెలూన్లు. తొడుగు కిందికి లాగితే బెలూన్లు ఉబ్బుతాయి, వదిలితే ముడుచుకుంటాయి. ‘వర్కింగ్ మోడల్’ అని స్టిక్కర్ కూడా వాళ్లే వేసిస్తారు. స్కూళ్లలో సైన్స్ ఎగ్జిబిషన్లు మొదలైతే చాలు, మా చెన్నైలో పెరంబూరు అయినా వేళచ్చేరి అయినా షాపుల ముందు ఈ సరుకు వేలాడుతూ కనిపిస్తుంది.

ఆ ప్రయోగం మీద నాకు కోపమేం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి సైన్స్ పుస్తకంలో చాలా ఏళ్లు ఉన్నదే, మంచిదే. ఇప్పుడది ఒకటో తరగతికి, యూకేజీకి దిగింది. అమ్మానాన్నలు రాత్రి పదకొండింటికి ఫెవికాల్ పూసుకుంటూ కూర్చోవడం మీద జోకులు అందరూ వేసేశారు, నేను కొత్తగా వేసేదేం లేదు. నా గొడవ వేరే. మా అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ల పాప ఒకతి ఆ మోడల్ పట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది: గాలి లోపలికి వెళ్తుంది, అందుకని లంగ్స్ పెద్దవవుతాయి, అందుకని ఛాతీ పొంగుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పిందంతా తలకిందులు. తన చేతిలో ఉన్న బాటిలే ఆ మాట తప్పని చూపిస్తోంది, ముందు తొడుగు లాగాకే కదా బెలూన్ ఉబ్బింది. చూపిస్తున్న పాపా గమనించలేదు, చూస్తున్న పెద్దవాళ్లూ గమనించలేదు.

నేను చెన్నైలో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. గుండెకో పొట్టకో ఆపరేషన్ అయినవాళ్ల చేత ఊపిరి కసరత్తులు చేయించడం నా పని. నెల్లూరు, గూడూరు, చిత్తూరు, తిరుపతి నుంచి వచ్చే మనవాళ్లు ఎక్కువ కాబట్టి తెలుగు వచ్చిన నాకు పిలుపులు కూడా ఎక్కువే. వాళ్లకు మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తాం. కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలోకి వచ్చింది, మీరూ చూసే ఉంటారు. మూడు గదుల్లో మూడు ప్లాస్టిక్ బంతులు, వాటి పక్కన 600, 900, 1200 అని అంకెలు. సెకనుకి అన్ని సీసీల వేగంతో గాలి పీలిస్తే ఆ బంతి లేస్తుంది. పీలిస్తేనే లేస్తుంది. కానీ దాన్ని చేతికిచ్చిన మరుక్షణం దాదాపు అందరూ నోట్లో పెట్టుకుని ఊదుతారు. “ఊదొద్దు పెదనాన్నా, పీల్చండి” అంటే తలూపి మళ్లీ ఊదుతారు. బ్యాంకు మేనేజర్లూ ఊదుతారు, లెక్చరర్లూ ఊదుతారు.

తప్పు వాళ్లది కాదు. మనకు ఊపిరితో పని అంటే ఊదడమే. శంఖం, పొయ్యి దగ్గర ఊదుగొట్టం, బుడగ, పుట్టినరోజు కొవ్వొత్తి, దెబ్బ తగిలిన మోకాలు, చిన్నప్పటి నుంచి చేసినవన్నీ బయటికి ఊదేవే. పీల్చడం దానంతటది జరిగిపోతుంది కాబట్టి దాన్ని మనం చేసే పనిగా ఎప్పుడూ చూసి ఉండం. గాలే వచ్చి మనల్ని ఉబ్బిస్తుందనుకుంటాం. నిజానికి పక్కటెముకల మధ్య కండరాలు, వాటి కింద గుమ్మటం ఆకారంలో ఉండే డయాఫ్రమ్ (మన తెలుగు సైన్సు పుస్తకాల్లో ఉదరవితానం) కదిలి ముందు లోపల చోటు పెంచుతాయి. చోటు పెరిగేసరికి లోపలి గాలి పల్చబడుతుంది, ఆ లోటు పూడ్చడానికి బయటి గాలి వస్తుంది. చోటు పెరిగితే ఒత్తిడి తగ్గుతుందని 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పిన సూత్రం ఇక్కడ పనిచేసేది. ఆరేళ్ల పిల్లకి ఒత్తిడి అనే మాట అక్కర్లేదు, ‘ముందు చోటు, తర్వాత గాలి’ అనే వరస తెలిస్తే చాలు. ఆ వరస బాటిల్‌లో కంటే సొంత ఒంట్లో బాగా తెలుస్తుంది.

సెలవు రోజు సాయంత్రాలు మా మేడ మీద పిల్లలు చేరతారు. చాప పరిచి వెల్లకిలా పడుకోమని, పొట్ట మీద తలో బొమ్మ పెట్టుకోమంటాను. నవ్వులన్నీ అయ్యాక బొమ్మ లేవడం, దిగడం చూస్తారు. గాలి ఎక్కడికి పోతోంది అని అడిగితే అందరిదీ ఒకే మాట: పొట్టలోకి. నా మటుకు నాకు అది తెలివైన జవాబు. కంటికి కనబడింది చెప్పారు. వెంటనే ‘కాదు, లంగ్స్‌లోకి’ అని దిద్దేస్తే, పిల్లలు తమ కళ్లని వదిలేసి మన ముఖం చూడటం మొదలుపెడతారు. పైగా చంటిపిల్లల ఊపిరి నిజంగానే పొట్ట దగ్గరే కనిపిస్తుంది. వాళ్ల పక్కటెముకలు మనలా ఏటవాలుగా కాక దాదాపు అడ్డంగా ఉంటాయి, ఛాతీ పొంగేది తక్కువే, భారమంతా డయాఫ్రమ్ మీదే. అది కిందికి దిగినప్పుడు కాలేయాన్నీ పేగుల్నీ నెడుతుంది, వాటికి పోయేందుకు వేరే దారి లేక పొట్ట ముందుకు వస్తుంది. బొమ్మ లేచింది అందుకు. ఇదంతా ఆ రోజే చెప్పేయాలని లేదు. ‘గాలిని పొట్ట నిండా తీసుకోండి’ అనే యోగా మాస్టర్లు మాత్రం ఆ మాట అలంకారంగానే అంటున్నారని ఆశిస్తాను.

తర్వాత టైలర్ టేపు. చంకల కింద ఛాతీ చుట్టూ తిప్పి, గాలి వదిలినప్పుడు ఎంత, పీల్చినప్పుడు ఎంత అని ఒకరిది ఒకరు కొలుచుకుంటారు. రెండు మూడు సెంటీమీటర్ల తేడా కనిపించగానే వాళ్లకి అదో గొప్ప.

ఆ పైన అసలు ప్రయోగం. ఏడెనిమిదేళ్లు వచ్చిన, ఆయాసం జబ్బు లేని పిల్లలతోనే చేయిస్తాను. గాలి మెల్లగా వదిలేసి, నోరు మూసి, ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని, పీల్చబోతున్నట్టు ఛాతీని పైకి లేపడానికి ప్రయత్నించాలి. ఒక్క క్షణం చాలు. పక్కటెముకలు లాగుతున్నట్టు, గొంతు గుంటపడుతున్నట్టు తెలుస్తుంది. గాలి మాత్రం చుక్క కూడా లోపలికి రాలేదు. వేళ్లు తీయగానే సర్రున దూరుతుంది. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని అడగండి. ఎవరూ చెప్పకుండానే వరస సరిగ్గా చెబుతారు. ఛాతీ లాగింది, దారి ఇచ్చాక గాలి వచ్చింది. పైసా ఖర్చు లేని ఈ ఒక్క పనిలో ఉన్న చదువు షాపు మోడల్‌లో లేదని నా వాదన. మోడల్‌లో లాగేది చెయ్యి, ఉబ్బేది బెలూను, మధ్యలో పిల్ల ఒట్టి ప్రేక్షకురాలు.

ఇంకా చిన్నవాళ్లకైతే మెడికల్ షాపులో సూది లేని పెద్ద సిరంజి కొనివ్వండి. కొస మీద వేలు పెట్టి ప్లంజర్ లాగితే వేలిని పీల్చుకుంటుంది. నాలుగేళ్ల వాళ్లు ఆ ఒక్కదానితో అరగంట గడిపేస్తారు.

ఊపిరి లెక్కపెట్టడం కూడా చేయిస్తాం గానీ అందులో ఒక చిక్కుంది. ‘నీ ఊపిరి లెక్కపెట్టుకో’ అనగానే ఊపిరి మారిపోతుంది. అందుకే ఎదుటివాళ్లకు తెలియకుండా లెక్కపెట్టాలి. ఇందుకు పనికొచ్చేది మధ్యాహ్నం నిద్రలో ఉన్న తాతగారు. అలా ఒక తాతగారి ఊపిరి నిమిషానికి 15 అని తేలితే, ఆయన లేచాక “రోజుకి 21,600, ఊపిరినే జపంగా ఎంచే అజపా జపం లెక్క అదే” అని మురిసిపోయారు. మనవడి లెక్క నిమిషానికి 22 వచ్చింది. చిన్న ఒళ్లు వేగంగా ఊపిరి తీస్తుంది కాబట్టి పాత లెక్క పెద్దవాళ్లకే వర్తిస్తుందని తీర్మానించారు పిల్లలు. తాతగారు ఒప్పుకోలేదు.

ఇవన్నీ అయ్యాక, అప్పుడు తీయండి బాటిల్. దాని చరిత్ర కూడా బాగుంటుంది. 17వ శతాబ్దంలో జాన్ మేయో అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కొలిమితిత్తి లోపల జంతువు మూత్రాశయం పెట్టి, తిత్తి తెరిస్తే అది ఉబ్బుతుందని చూపించాడు. మన బాటిల్‌కి ముత్తాత అది. 1928లో బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా చేసిన ఐరన్ లంగ్ కూడా ఈ సూత్రం మీదే నడిచింది. పోలియో వచ్చి ఊపిరి కండరాలు పడిపోయిన పిల్లల్ని మెడ దాకా ఇనప పెట్టెలో ఉంచి, పెట్టెలో ఒత్తిడి తగ్గించి ఛాతీని పెంచేవాళ్లు. గాలి ముక్కులోంచి దానంతటదే వెళ్లేది.

బాటిల్ ఇచ్చాక నేను భాగాల పేర్లు అడగను. ఇందులో నీ ఒంట్లో లేనిది ఏది, నీ ఒంట్లో ఉండి ఇందులో లేనిది ఏది అని అడుగుతాను. బాటిల్ గట్టిది, కదలదు, మన ఎముకలు కదిలాయి కదా అని టేపు పట్టినవాళ్లు వెంటనే అంటారు. రబ్బరు కిందికి సాగుతోంది, అసలు డయాఫ్రమ్ పైకి ఉబ్బి ఉండి చదును అవుతుంది. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండే, గుండెకి చోటివ్వడానికి కాస్త తగ్గి ఉంటుంది. బాటిల్‌లో రెండూ కవల బెలూన్లు. పిల్లలకు తట్టనిది ఒకటుంది, అది మనమే చెప్పాలి. బెలూన్‌కీ బాటిల్ గోడకీ మధ్య బోలెడు ఖాళీ. మన లోపల ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య సన్నటి ద్రవపు పొర తప్ప ఖాళీ లేదు. రెండు గాజు పలకల మధ్య నీళ్ల చుక్క వేసి, పెద్దవాళ్లు దగ్గరుండి చూపిస్తే చాలు: జరుపుతే జారతాయి, విడదీయబోతే రావు. ఛాతీ గోడ పెరిగినప్పుడు ఊపిరితిత్తి దాన్ని అంటుకునే పోవడం ఇలాగే.

అన్నిటికంటే పెద్ద అబద్ధం బెలూనే. ఊపిరితిత్తి బోలు సంచి కాదు. మా ఫ్లాట్లలో సగం మంది శాకాహారులు కాబట్టి ఇది మేడ మీద చేయలేదు, ఒప్పుకున్న అమ్మానాన్నల పిల్లల్నే మా వంటింట్లోకి పిలిచాను. మటన్ షాపులో వాయునాళంతో సహా మేక ఊపిరితిత్తులు ఇమ్మంటే ఇస్తారు. గొట్టం పెట్టి సైకిల్ పంపుతో గాలి కొడితే (నోటితో ఎప్పుడూ వద్దు) మెల్లగా లేత గులాబీ రంగులో పొంగుతుంది. చిన్న ముక్క కోసి నీళ్లలో వేస్తే తేలుతుంది, పక్కనే కాలేయం ముక్క మునిగిపోతుంది. కోసిన చోట బోలుగా లేదు, చిన్న చిన్న గదులు. గ్లవుజులు, తర్వాత సబ్బుతో చేతులు. ఆ పూట పిల్లలెవరూ మటన్ తినలేదని ఒక తల్లి నాకు ఫిర్యాదు చేసింది, అది వేరే సంగతి.

మనిషిలో ఆ గదుల్ని వాయుగోణులంటారు, 30 కోట్లకు పైనే ఉంటాయి. అన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు. ఇక్కడి భాషలో ఏడొందల యాభై చదరపు అడుగులు, రెండు బెడ్‌రూముల ఫ్లాటంత. చెప్పి ఊరుకుంటే ఇది కూడా జనరల్ నాలెడ్జ్ అయిపోతుంది. మేడ మీద ఏడు మీటర్లు ఇటు, పది మీటర్లు అటు కొలిచి ముగ్గుతో గీత గీయించాను. పిల్లలంతా అందులో పరుగులు తీశారు. తర్వాత ఒక చెప్పుల డబ్బా, పాత పేపర్లు ఇచ్చి ఎన్ని షీట్లు నలిపి కుక్కగలరో చూడమన్నాను. ఇంత స్థలం అంత ఛాతీలో ఎలా ఇరికిందో ఆ డబ్బా దగ్గరే తేలిపోయింది.

ఊపిరిలో తేమ ఉందని చూపడానికి అద్దం మీద ఊదమంటారు పుస్తకాల్లో. చలి దేశాల్లో పుట్టిన ప్రయోగం అనుకుంటాను. మే నెలలో చెన్నైలో మేడ మీద చేసి చూడండి. అద్దమే ఊపిరంత వెచ్చగా ఉంటుంది, మసక పట్టనే పట్టదు. సరే అని ఫ్రిజ్‌లోంచి స్టీలు గ్లాసు తెస్తే, సముద్రం పక్క ఊరు కదా, ఎవరూ ఊదకముందే దానికి చెమటలు పడతాయి. “ఆంటీ, మరి గ్లాసు మీద ఎవరు ఊదారు?” అని అడిగింది ఒక పిల్ల. నాకు ఆ సాయంత్రం మొత్తానికీ నచ్చింది ఆ ప్రశ్నే. చుట్టూ గాలిలోనే తేమ ఉందని, మన ఊపిరి నుంచి వచ్చిందెంతో తేల్చాలంటే ఊదని గ్లాసు కూడా పక్కన పెట్టుకోవాలని వాళ్లే అనుకున్నారు. తర్వాత ఏసీ గదిలో అద్దం పెడితే చక్కగా మసక పట్టింది. ప్రయోగం పుస్తకంలో రాసినట్టు జరిగి ఉంటే ఇంత మాట నడిచేది కాదు.

సున్నపు తేట ప్రయోగం కూడా ఇలా పక్కన పోలిక పెట్టుకుంటేనే పనికొస్తుంది. తాంబూలం సున్నం నీళ్లలో కలిపి, పేరుకోనిచ్చి, పైన తేరిన నీళ్లు వంపుకోవాలి. స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. సున్నం నోటికీ కంటికీ మంచిది కాదు కాబట్టి ఊదేది పెద్దవాళ్లే, పిల్లలు చూస్తారు. ఇంకో గ్లాసులోకి సైకిల్ పంపుతో మామూలు గాలి కొడితే అంత తొందరగా తెల్లబడదు. ఇక్కడ ఇంకో పాత పాఠాన్ని సరిచేయాలి: ‘ఆక్సిజన్ లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటికి.’ మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలోనూ 16 శాతం దాకా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 0.04 నుంచి 4 శాతానికి పెరుగుతుంది. బయటికొచ్చేది ఒట్టి విషవాయువే అయితే, నీళ్లలో మునిగినవాళ్లకి నోటితో ఊపిరి ఇవ్వడంలో అర్థమే ఉండదు.

ఎంత గాలి పడుతుందో కొలవడం మామూలే. బబుల్ టాప్ క్యాన్ (ఇళ్లకు మంచినీళ్లు వచ్చే పెద్ద క్యాన్) నిండా నీళ్లు పోసి, తొట్టిలో బోర్లించి, గొట్టంతో లోపలికి ఊదాలి. గొట్టం ముక్క ఎవరిది వాళ్లకే. దీన్ని పోటీ చేయకండి. ఇలాగే నీళ్లతో గాలి కొలిచే స్పైరోమీటర్ చేసిన జాన్ హచిన్సన్ 1846లోనే రాశాడు, ఒక్క ఊపిరిలో ఊదగలిగే గాలి మనిషి ఎత్తుని బట్టి ఉంటుందని. పొడుగ్గా ఉన్నవాడు గెలవడంలో ఘనతేముంది? పక్కన ఎత్తులు కూడా రాయిస్తే ఇన్‌హేలర్ వాడే పిల్లాడు చిన్నబోవడం తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ల చేత గట్టిగా ఊదించడం, ఊపిరి బిగబట్టించడం అసలు వద్దు. బెలూన్ల విషయంలో కూడా జాగ్రత్త. ఊదని బెలూన్ గానీ, పగిలిన ముక్క గానీ గొంతులో పడితే ప్రాణం మీదికొస్తుంది, ఎనిమిదేళ్ల లోపు వాళ్ల చేతికి ఇవ్వొద్దని ప్యాకెట్ల మీదే రాస్తారు. ఊపిరి పాఠానికి యూకేజీ పిల్లల చేతికి మనమిచ్చే మొదటి వస్తువు అదే.

పెద్ద ఖర్చు లేనిది ఇంకోటుంది, కాగితం గొట్టం. డ్రాయింగ్ షీట్ చుట్టి, ఒక కొస స్నేహితుడి వీపుకి ఆనించి, రెండో కొసకి చెవి పెట్టడం. 1816లో పారిస్‌లో రెనే లెనెక్ కాగితం చుట్టి ఒక రోగి గుండె విన్నాడు, స్టెతస్కోపు అలా పుట్టింది. దాంతో క్షయ రోగుల ఊపిరి చప్పుళ్లని ఒక్కొక్కటిగా పట్టుకున్నాడు, చివరికి 1826లో ఆ క్షయతోనే పోయాడు. మా పిల్లలు తాంబరం లైన్‌లో లోకల్ ట్రైన్ ఎక్కినప్పుడల్లా ‘శానటోరియం’ స్టేషన్ దాటుతారు. అదేం పేరని ఎవరూ అడగరు. 1928లో డాక్టర్ చౌరీ ముత్తు క్షయ రోగుల కోసం అక్కడ పెట్టిన ఆస్పత్రి వల్ల వచ్చిన పేరు అది. అప్పట్లో మంచి గాలి, విశ్రాంతి, తిండే వైద్యం. మందులొచ్చాక, 1956లో చేట్‌పట్‌లో మొదలైన పరిశోధన కేంద్రం ఇదే మద్రాసులో పేదల ఇళ్లకే మందులిచ్చి, శానటోరియంలో ఉంచినవాళ్లతో పోల్చి చూసింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండి తింటూ కూడా మందులు సరిగ్గా వాడినవాళ్లకు దాదాపు అంతే నయమైందని 1959లో తేల్చింది. ప్రపంచమంతా క్షయ వైద్యాన్ని ఇళ్లకు తెచ్చిన పరిశోధన అది. కాగితం గొట్టం చెవికి పెట్టుకున్న రోజున చెబితే ఈ కథ పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, మామూలు రోజున చెబితే హిస్టరీ పీరియడ్ అనుకుంటారు.

క్లాసులో నలభై మంది, పీరియడ్ నలభై నిమిషాలు, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అంటారు టీచర్లు. అన్నీ అక్కర్లేదు. ముక్కు మూసుకోవడం, పక్కటెముకల మీద చేతులు పెట్టుకోవడం చాలు, నలభై ఛాతీలూ క్లాసులోనే ఉన్నాయి. కొనాల్సి వచ్చేది, మోయాల్సి వచ్చేది మోడలే.

మా చెల్లి కూతురి స్కూల్లో టీచర్‌గారికి ఇదే చెప్పి చూశాను. మోడల్ తేనివ్వండి, కాకపోతే పక్కన ‘ఈ మోడల్ చెప్పే అబద్ధాలు’ అని ఇంకో చార్టు పెట్టనిచ్చి మార్కులు దానికి వేయండి అని. ఆవిడకు నచ్చింది. కానీ మార్కుల షీట్‌లో నీట్‌నెస్‌కి గడి ఉంది, మోడల్ పనిచేస్తే గడి ఉంది, బాగా వివరిస్తే గడి ఉంది, అబద్ధాలు పట్టుకుంటే గడి లేదు. ప్రిన్సిపాల్‌ని అడిగి చెబుతానన్నారు, ఇంకా కబురు రాలేదు. పిల్ల మాత్రం ఆగకుండా చార్టు రాయడం మొదలెట్టేసింది. మొదటి పాయింటు, స్కెచ్ పెన్నుతో: ‘బాటిల్‌కి దగ్గు రాదు.’